ఘనగిరి నీడలో: తళ్ళికోట తర్వాత పెనుకొండలో ఆరవీటివారి కాపురం

క్రీ.శ. 1565 జనవరి 23న కృష్ణానదికి సమీపంలో, రక్కసగి, తంగడగి అనే గ్రామాల పరిసరాల్లో జరిగిన యుద్ధాన్ని తెలుగు పాఠకులు తళ్ళికోట యుద్ధమనీ రక్కసి తంగడి యుద్ధమనీ ఎరుగుదురు. బీజాపూరు, అహమ్మదునగరు, గోలకొండ, బీదరు సుల్తానులు ఒక్కటై విజయనగర సైన్యాన్ని చెల్లాచెదురు చేసిన ఆ రోజున, రెండు దశాబ్దాలకు పైగా రాజ్యాధికారాన్ని తన చేతిలో ఉంచుకున్న అళియ రామరాయలు రణరంగంలోనే పట్టుబడి శిరచ్ఛేదానికి గురయ్యాడు. ఆయన తమ్ముడు వేంకటాద్రి మళ్ళీ రాజ్యవ్యవహారాల్లో కనిపించలేదు. ముగ్గురు అన్నదమ్ముల్లో ప్రాణాలతో రాజధానికి తిరిగివచ్చిన తిరుమల రాయలపై ఓడిన రాజ్యమూ, చిక్కిన కుటుంబమూ, దిక్కు తోచని జనమూ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి.

విజయనగర చరిత్ర చెప్పే పుస్తకాలు చాలావరకు హంపీ శిథిలాల దగ్గర ఆగిపోతాయి. ఆ తర్వాతి కాలానికి ఒకటి రెండు పుటలు మాత్రమే దక్కుతాయి. అయితే అనంతపురం పీఠభూమి వైపు నుంచి చూసినప్పుడు, హంపీలో ముగిసిన కథ పెనుకొండలో మొదలవుతుంది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఈ ఊరు, 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగేదాకా అనంతపురం జిల్లాలోనిదే. వర్షం తక్కువై, కరవు తరచై, నేటికీ జనం పొట్ట చేతపట్టుకొని వలసపోయే ఈ నేల, ఒక మహావిపత్తు తర్వాత ఇల్లు కోల్పోయిన రాజకుటుంబానికి ఆశ్రయమిచ్చి, దాదాపు పాతికేళ్ళు రాజధానిగా నిలిచింది. ఆ చరిత్రను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది: ఏనుగుల మీద తెచ్చుకున్న ధనం ఆ కుటుంబానికి కొంతకాలం ఊపిరి పోసింది గాని, కొత్త ఊళ్ళో వారిని నిలబెట్టినవి అంతకు రెండు వందల ఏళ్ళ క్రితమే ఆ కొండ కింద పారించిన కాలువ, నింపిన చెరువు, కట్టిన గోడ, వాటితోపాటు అక్కడి నాయకుల నమ్మకం.

రాజ్యం పేరు ఒకరిది, భారం ఒకరిది

తిరుమల రాయలు ఆరవీటి వంశానికి చెందినవాడు. ఆరవీడు అనే ఊరి పేరే ఇంటిపేరుగా గల ఈ వంశంవారు సాళువ నరసింహుని కాలం నుంచి విజయనగర ప్రభువులకు దండనాయకులుగా ఉంటూ, కందనవోలు, అంటే నేటి కర్నూలు, ఆదవాని ప్రాంతాల్లో బలపడ్డారు. శ్రీకృష్ణదేవరాయల కుమార్తెను పెళ్ళాడిన రామరాయలకు, కన్నడంలో అల్లుడనే అర్థం గల అళియ అనే బిరుదు పేరులో భాగమైపోయింది. 1540వ దశకం నుంచి సింహాసనం మీద తుళువ వంశీయుడైన సదాశివరాయలు కూర్చున్నా, శాసనాలు ఆయన పేరనే వెలువడినా, పాలన మాత్రం రామరాయలదీ ఆయన తమ్ములదీ. అందువల్ల యుద్ధం ఓడిన తర్వాత తిరుమల రాయలు తరలించవలసినవి రెండు కుటుంబాలు: ఒకటి తన సొంత కుటుంబం, రెండవది పేరుకు మాత్రమే ప్రభువైన సదాశివరాయలది. ఆ ప్రభువు వెంట ఉంటేనే తిరుమలునికి రాజ్యంపై మాట చెల్లుబాటు అవుతుంది గనుక, సదాశివరాయలను విడిచిపెట్టి పోవడం సాధ్యం కాదు.

పోర్చుగీసు చరిత్రకారుల కథనాన్ని అనుసరించి రాబర్టు సూయెల్ 1900లో ప్రచురించిన తన విజయనగర చరిత్రలో, ఆ రాజకుటుంబీకులు 550 ఏనుగులపై బంగారం, వజ్రాలు, రత్నాలు ఎక్కించుకొని, రాజచిహ్నాలతోనూ సింహాసనంతోనూ నగరాన్ని విడిచారని రాశాడు. సంఖ్యలో అతిశయోక్తి ఉన్నా లేకపోయినా, ఖజానాలో గణనీయమైన భాగం విజేతల చేతికి చిక్కకముందే దక్షిణంగా పెనుకొండ వైపు సాగిపోయిందన్న విషయంలో చరిత్రకారులకు పెద్దగా భేదాభిప్రాయం లేదు. నగరంలో మిగిలినవారికి ఆ అదృష్టం పట్టలేదు. విజేతల సైన్యాలు కొన్ని నెలలపాటు అక్కడే మకాం వేసి దోపిడీ సాగించాయి.

సుల్తానుల సైన్యాలు వెనుదిరిగిన తర్వాత తిరుమల రాయలు మళ్ళీ విజయనగరానికి వచ్చి, ఊరిని తిరిగి నిలబెట్టాలని ప్రయత్నించాడు. ఆ ప్రయత్నాన్ని కళ్ళారా చూసిన సాక్షి వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్. 1567లో విజయనగరానికి వచ్చిన అతడు, ఒక నెలలో తెమిలిపోయే పనికి ఏడు నెలలు అక్కడే ఉండవలసి వచ్చిందనీ, దారుల్లో దొంగల భయమే అందుకు కారణమనీ తన యాత్రా కథనంలో తెలిపాడు. ఇళ్ళు చాలావరకు నిలిచే ఉన్నా అందులో మనుషులు లేరనీ, అడవి మృగాలు తిరుగుతున్నాయని జనం చెప్పుకుంటున్నారనీ కూడా అతడు రాశాడు. పడిపోయిన గోడను కట్టుకోవచ్చు, తగలబడిన కప్పును మార్చుకోవచ్చు. చెదరిపోయిన జనాన్ని మాత్రం ఆజ్ఞాపత్రంతో రప్పించడం ఏ ప్రభువు తరమూ కాదు.

ఫ్రెడరిక్ చెప్పిన మరో సంగతి ఈ చరిత్రకు మరింత ముఖ్యమైనది. విజయనగర సైన్యానికి అశ్వదళం ప్రాణం. ఆ గుర్రాలు అరబ్బు, పారశీక దేశాల నుంచి సముద్రం మీదుగా గోవా వంటి రేవులకు చేరి, అక్కడి నుంచి వర్తకుల ద్వారా రాజధానికి వచ్చేవి. యుద్ధంలో గుర్రాలను పోగొట్టుకున్న తిరుమల రాయలు, గుర్రాలు తెచ్చినవారికి మంచి ధర ఇస్తాననీ, యుద్ధంలో పోయిన తన ముద్ర ఉన్న గుర్రాలను తెచ్చినా అడిగినంత ఇస్తాననీ వర్తకులకు కబురు పంపాడు. ఆ మాట నమ్మి వర్తకులు గుర్రాలను తోలుకొచ్చారు; గుర్రాలు చేతికి అందిన తర్వాత తిరుమల రాయలు వారికి ఏమీ చెల్లించకుండా పంపించివేయడంతో, వారిలో అనేకులు నిరాశతో కుంగిపోయారని ఫ్రెడరిక్ రాశాడు. కష్టకాలంలో కొత్తగా నిలదొక్కుకోవాలనుకునేవారికి ధనం కంటే పరపతి, అంటే ఇచ్చిన మాటపై ఇతరులకుండే నమ్మకం, ఎక్కువ విలువైనది. ఏనుగుల మీద మోసుకొచ్చిన ఖజానా ఉండి కూడా, పాత నగరంలో ఆ పరపతిని తిరుమల రాయలు తన చేతులతోనే పోగొట్టుకున్నాడు. అదే 1567లో ఆస్థానం శాశ్వతంగా పెనుకొండకు తరలిపోయింది. ఆ రెండు ఊళ్ళ మధ్య ఎనిమిది రోజుల ప్రయాణమని ఫ్రెడరిక్ లెక్క చెప్పాడు.

ముందే సిద్ధమైన ఊరు

సంస్కృత శాసనాల్లో, కావ్యాల్లో ఘనగిరిగా కనిపించే పెనుకొండ, సముద్రమట్టానికి సుమారు మూడు వేల అడుగుల ఎత్తున్న కొండ, దాని పాదాన ఉన్న ఊరు. శత్రువు ఎక్కడానికి కష్టమైన ఆ కొండ ఒక్కటే రాజధానికి చాలదు. పశ్చిమ కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకోవడం వల్లా, తూర్పు తీరం దూరమై ఈశాన్య రుతుపవనం బలహీనపడి చేరడం వల్లా, అనంతపురం ప్రాంతంలో సాలీనా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది. అది కూడా కొన్నేళ్ళు సగానికి సగం ఎగ్గొడుతుంది. ఇటువంటి నేలపై సైన్యం, ఆస్థానం, ఆలయాలు, అంగళ్ళు, వాటిని నమ్ముకున్న వేలాది జనం ఒకేచోట బతకాలంటే, ఆ నీటిని ఎవరో ముందే కూడబెట్టి ఉండాలి.

ఆ పని పద్నాలుగో శతాబ్దంలోనే జరిగింది. పెనుకొండ కోట ఉత్తర ద్వారం వద్ద ఉన్న, శాలివాహన శకం 1276కు, అంటే క్రీ.శ. 1354కు చెందిన శాసనం, మొదటి బుక్కరాయలు తన కుమారుడు వీరవిరుపన్న ఒడయరుకు ఈ రాజ్యభాగాన్ని అప్పగించిన సంగతినీ, ఆ కాలంలో ఇక్కడ కోటను నిర్మించిన సంగతినీ తెలుపుతుంది. రాజకుమారులు పాలనలో తర్ఫీదు పొందే స్థానంగా, తర్వాతి కాలంలో రాజధాని తర్వాత ముఖ్యమైన దుర్గాల్లో ఒకటిగా పెనుకొండ నిలవడానికి ఇది మొదలు.

కోటకు నీరు తెచ్చిన తీరును 1388 నాటి మరొక శాసనం వివరిస్తుంది. ప్రతాప బుక్కరాయలు పెనుకొండకు వచ్చినప్పుడు, ప్రజలందరూ సుఖంగా ఉండాలంటే నీరే ఆధారమని తలచి, హెన్నే నదిని, అంటే నేటి పెన్నానదిని, ఊరికి తీసుకురావలసిందిగా సింగయభట్టు అనే జలసూత్ర నిపుణుణ్ణి ఆదేశించాడు. జలసూత్రమంటే నేల వాలును కొలిచి నీటిని కావలసిన చోటికి నడిపించే విద్య; నేటి భాషలో జలవనరుల ఇంజనీరింగు. సింగయభట్టు నేటి కర్ణాటకలోని గౌరీబిదనూరు ప్రాంతానికి చెందిన కల్లూడి దగ్గర నది నుంచి కాలువ తీసి, పెనుకొండలోని సిరువెర చెరువుకు చేర్చాడు. ఆ కాలువకు రాజు పేరుతో ప్రతాప బుక్కరాయమండల కాలువ అని పేరు పెట్టారు. దూరాన కొండల్లో కురిసిన వానను నది మోసుకురాగా, ఆ నదిని పల్లానికి పోనీయకుండా వాలు చూసి నడిపించి, వాన పడని ఊరికి అందించడమే ఈ నిర్మాణంలోని అసలు విశేషం. స్థానిక వర్షంపై మాత్రమే ఆధారపడిన చెరువు కరవు ఏడాదిలో ఎండిపోతుంది. నదితో ముడిపడిన చెరువుకు మరో ఆసరా ఉంటుంది.

ఈ విద్య ఆ కాలంలో ఎంత ముదిరిందో చెప్పడానికి, పొరుగున కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు శాసనం మంచి నిదర్శనం. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు వేయించిన 1369 నాటి ఆ శాసనం, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు లక్షణాలను, ఉండకూడని దోషాలను విడమరచి చెప్పడమే గాక, వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్ళపాటు ఆ పనిలో ఉన్నాయని కూడా నమోదు చేసింది. అనంతపురం పట్టణానికి పేరు తెచ్చిన పెద్ద చెరువు, చిత్రావతిపై ఉన్న బుక్కపట్నం చెరువు కూడా తొలి విజయనగర ప్రభువుల కాలానివిగా ప్రసిద్ధికెక్కాయి.

చెరువు కట్టడంతో పని ముగియదు. రాయలసీమ చెరువుకు కట్ట, తూము, మరవ అనేవి మూడు ముఖ్యాంగాలు: కట్ట నీటిని నిలుపుతుంది, తూము పొలాలకు వదులుతుంది, మరవ ఎక్కువైన నీటిని కట్ట తెగకుండా బయటికి పంపిస్తుంది. ఈ మూడింటిని ఏటేటా కనిపెట్టుకొని ఉండేందుకు దశబంధం అనే ఏర్పాటు ఉండేది. చెరువును తవ్వించినవారికి గాని, దాని మరమ్మతు బాధ్యత మీద వేసుకున్నవారికి గాని, ఆ చెరువు కింద సాగయ్యే భూమిలో కొంత భాగాన్ని పన్ను లేకుండానో తగ్గించిన పన్నుతోనో వదిలిపెట్టడమే దశబంధం. తూము ఎత్తి ఏ చేనుకు ఎంతసేపు నీరు వదలాలో చూసే గ్రామ ఉద్యోగి నీరుగంటి. ఇలా రాజు పెట్టుబడి, గ్రామం బాధ్యత, నీరుగంటి కాపలా కలిసినప్పుడే చెరువు తరతరాలు బతికింది.

పదహారో శతాబ్దపు తొలి సగంలో పెనుకొండ సీమ ఎంత సంపన్నంగా ఉండేదో లేపాక్షి చెబుతుంది. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండ సీమలో అధికారిగా ఉన్న విరుపన్న, అతని సోదరుడు వీరన్న కట్టించిన వీరభద్రాలయం, అందులోని కప్పు చిత్రాలు, రాతి బసవడు, ఆ సీమ రాబడికీ పనివారి నైపుణ్యానికీ సాక్ష్యాలు. కాబట్టి 1567లో ఆరవీటివారు చేరుకున్నది బీడుభూమికి కాదు. రెండు శతాబ్దాలుగా నీరు, ధాన్యం, గోడ, చేతివృత్తులు అమరి ఉన్న ఊరికి.

కొత్త కాపురం

పెనుకొండలో తిరుమల రాయలు మొదట ఎదుర్కొన్న చిక్కు ఇంటి లోపలిది. పినతండ్రి పెత్తనాన్ని ఒప్పుకోని రామరాయల కుమారుడు బీజాపూరు సుల్తాను అలీ ఆదిల్‌షాను సాయం కోరడంతో, బీజాపూరు సైన్యం పెనుకొండ వైపు కదిలింది. తిరుమల రాయలు అహమ్మదునగరు సుల్తానును ఆశ్రయించగా, ఆయన బీజాపూరుపై దండెత్తడంతో ఆ ముప్పు తప్పింది. మొన్నటి యుద్ధంలో శత్రువులుగా నిలిచిన ఇద్దరు సుల్తానులను, ఒకరిపై ఒకరిని నిలిపి ఊపిరి పీల్చుకోవలసిన స్థితి ఆ కుటుంబానిది.

1570 ప్రాంతంలో తిరుమల రాయలు తన పేరనే పట్టాభిషేకం చేసుకోవడంతో ఆరవీటి వంశపాలన లాంఛనంగా మొదలైంది. క్షీణించిన కర్ణాట రాజ్యాన్ని ఉద్ధరించినవాడుగా శాసనాలు ఆయనను కీర్తించాయి. అదే సమయంలో ఆయన చేసిన ఏర్పాటు కొత్త కాపురానికి పునాది: రాజ్యాన్ని భాషాప్రాంతాల వారీగా మూడు భాగాలు చేసి, తెలుగు సీమను పెనుకొండ నుంచి శ్రీరంగరాయలకు, కన్నడ సీమను శ్రీరంగపట్నం నుంచి రామరాజుకు, తమిళ సీమను చంద్రగిరి నుంచి వేంకటపతికి అప్పగించాడు. ముగ్గురూ ఆయన కొడుకులే. పెద్ద రాజధాని పోయిన తర్వాత అధికారాన్ని ఒకే ఊళ్ళో పోగుచేయకుండా, మూడు ఊళ్ళలో మూడు ఇళ్ళుగా నిలిపితే, ఒకచోట దెబ్బ తగిలినా మరోచోట తలదాచుకోవచ్చునన్న ముందుచూపు ఇందులో కనిపిస్తుంది.

కొత్త ఊళ్ళో పాత గౌరవం నిలబెట్టుకోవడానికి చేసిన ప్రయత్నాలు నాణేల్లోనూ కావ్యాల్లోనూ మిగిలాయి. తిరుమల రాయల బంగారు నాణేలపై సీతారాములు, లక్ష్మణుడు కనిపిస్తారు; ఇల్లు విడిచి అడవుల పాలై మళ్ళీ రాజ్యం పొందిన ఆ కుటుంబం బొమ్మ, స్థానభ్రంశం పొందిన రాజుకు తగిన గుర్తే. రామరాజభూషణుడని పేరొందిన భట్టుమూర్తి తన వసుచరిత్రను తిరుమల రాయలకే అంకితమిచ్చాడు. తెలుగు ప్రబంధాల్లో శ్లేషకూ నాదసౌందర్యానికీ మేటిగా లెక్కించే ఈ కావ్యం, రాజధాని కూలిన కొద్ది ఏళ్ళకే ఆ కుటుంబాన్ని ఆశ్రయించి వెలువడిందన్న విషయం గమనించదగింది. జయదేవుని గీతగోవిందానికి శ్రుతిరంజని అనే వ్యాఖ్య కూడా తిరుమల రాయల పేరనే ప్రసిద్ధం. ఆస్థానమంటే దర్బారు మందిరం మాత్రమే కాదనీ, కవి, పండితుడు, గాయకుడు మళ్ళీ చేరినప్పుడే అది పూర్తవుతుందనీ ఆ కుటుంబానికి తెలుసు.

కొండ పాదాన నేటికీ నిలిచి ఉన్న గగన్‌మహల్‌ను దగ్గరగా చూస్తే ఆ కాలపు మనఃస్థితి అర్థమవుతుంది. కింది అంతస్తులో వరుసగా సాగే మొనదేలిన కమానులు సుల్తానుల నగరాల నుంచి వచ్చిన పద్ధతి. పైన మెట్లమెట్లుగా లేచిన గోపురం గుడి శిఖరాన్ని తలపించే దేశీయ పద్ధతి. శత్రువు చేతిలో సర్వస్వం పోగొట్టుకున్నవారు శత్రువు వాస్తురీతిని వెలివేయలేదు. హంపీలో అంతకుముందే అలవాటైన ఆ మేళవింపును కొత్త ఊళ్ళోనూ కొనసాగించారు. ఆ సమీపంలోనే పక్కపక్కన ఉన్న రామాలయం, శివాలయాల గోడలపై రామాయణ, భాగవత, శైవపురాణ కథలు బారులుగా చెక్కి ఉన్నాయి. జైనుల పార్శ్వనాథ బసది, బాబయ్య దర్గా కూడా ఈ ఊళ్ళోనే ఉన్నాయి. వచ్చినవారిని వచ్చినట్టు చేర్చుకోవడం పెనుకొండకు రాజధాని కాకముందు నుంచీ ఉన్న గుణం.

ముట్టడులు, మళ్ళీ ప్రయాణం

1576లో బీజాపూరు సుల్తాను పెనుకొండను ముట్టడించినప్పుడు, శ్రీరంగరాయలు ఖజానాతో చంద్రగిరికి వెళ్ళి, కోటను సేనాపతి సవరం చెన్నప్ప నాయనికి అప్పగించాడు. తండ్రి చేసిన మూడిళ్ళ ఏర్పాటు ఇక్కడ అక్కరకు వచ్చింది. సుమారు మూడు నెలలు సాగిన ముట్టడి చివరికి విఫలమైంది. అయితే ఆ తర్వాత మూడు నాలుగేళ్ళలోనే గోలకొండ సేనలు కొండవీడును, అహోబిలాన్ని కొల్లగొట్టడంతో తెలుగు సీమలో ఉత్తరభాగం చేజారింది. అహోబిలాన్ని తిరిగి రాబట్టుకోవడానికి కొన్నేళ్ళు పట్టింది.

శ్రీరంగరాయల తర్వాత 1586 ప్రాంతంలో పెనుకొండలో పట్టాభిషిక్తుడైన వేంకటపతి రాయలు, ఈ వంశంలో అందరికంటే సమర్థుడు. 1589లో గోలకొండ సుల్తాను మహమ్మదు కులీ కుతుబ్‌షా పెనుకొండను చుట్టుముట్టగా, వేంకటపతి సంధి మాటలు సాగించి ముట్టడి సడలేలా చేసి, ఆ విరామంలో కోటలోకి ధాన్యం, సైన్యం, ఆయుధ సామగ్రి చేరవేయించాడు. జగదేవరాయలు అనే నాయకుడు కోట రక్షణ బాధ్యత వహించాడు. వానకాలం దగ్గరపడి, కృష్ణ పొంగితే వెనుదిరిగే దారి మూసుకుపోతుందన్న భయంతో గోలకొండ సేన మరలిపోయింది. ఈ సేవకు ప్రతిఫలంగా జగదేవరాయలకు బారామహలు ప్రాంతం దక్కింది. గుర్రాల వర్తకులకు తిరుమల రాయలు మాట తప్పిన చోట, ఆయన కొడుకు నాయకులకిచ్చిన మాట నిలుపుకున్నాడు. రాజ్యం మరో పాతికేళ్ళు నిలవడానికి ఈ తేడా ముఖ్యమైన కారణం.

ఇక్కడ నాయకులంటే ఎవరో కొంత చెప్పుకోవాలి. రాజుకు నిర్ణీత సంఖ్యలో సైన్యాన్ని సమకూర్చి, కొంత కప్పం చెల్లించి, అందుకు బదులుగా ఒక సీమ రాబడిని అనుభవించేవాడు అమరనాయకుడు. ఈ పద్ధతికి నాయంకరమని పేరు. నమ్మకమే దీనికి ఆధారం. రాజు గట్టిగా ఉన్నప్పుడు నాయకుడు కోటగోడ వంటివాడు. రాజు బలహీనపడితే అతడే స్వతంత్ర ప్రభువవుతాడు. అనంతపురం, బుక్కరాయసముద్రం ప్రాంతాల్లో వేళ్ళూనుకొని పద్దెనిమిదో శతాబ్దం దాకా నిలిచిన హండె వంశపు నాయకులు ఈ పీఠభూమిలో అందుకు చక్కని ఉదాహరణ. ఒక ముట్టడిలో రాజు పక్షాన, మరో దండయాత్రలో శత్రువు పక్షాన నిలుస్తూ, కాలం చూసి తమ సీమను కాపాడుకున్నవారు వారు.

గోలకొండ, బీజాపూరు రెండింటికీ దగ్గరగా, రెండు దారుల కూడలిలో ఉన్న పెనుకొండ ఇక క్షేమం కాదని తేలడంతో, 1592 ప్రాంతంలో వేంకటపతి రాయలు రాజధానిని చంద్రగిరికి, ఆ తర్వాత 1606 నాటికి వేలూరుకు మార్చాడు. తిరుమల వేంకటేశ్వరుని నీడకు చేరిన ఆయన నాణేలపై ఆ స్వామి నామమే వెలిసింది. 1610లో శ్రీరంగపట్నం మైసూరు రాజ ఒడయరు చేతికి పోయింది. 1614లో వేంకటపతి మరణించడంతో వారసత్వపు పోరు చెలరేగింది. ఆ వంశపు చివరి ప్రభువు మూడవ శ్రీరంగరాయలు వేలూరును కూడా కోల్పోయి, తమకు ఒకప్పుడు సామంతులైనవారి ఆశ్రయంలో కాలం గడపవలసి వచ్చింది. మూడిళ్ళు కలిసి ఉన్నంతవరకే తిరుమల రాయల ఏర్పాటు పనిచేసింది. దాయాదుల మధ్య పొత్తు చెదరిన తర్వాత ఏ కోటా వారిని కాపాడలేకపోయింది.

రాజకుటుంబం వెంట, దానికి ముందూ వెనుకా, మామూలు తెలుగు కుటుంబాలు కూడా దక్షిణానికి సాగాయి. మధుర, తంజావూరు, సెంజి నాయక రాజ్యాల్లో తెలుగువారికి భూములు, కొలువులు దొరికాయి. తంజావూరు అచ్యుతప్ప నాయకుడు భాగవత మేళ కుటుంబాలకు మెలట్టూరు గ్రామాన్ని దానమిచ్చాడని ప్రతీతి; కావేరి సీమలో తమిళుల మధ్య తెలుగు యక్షగానం ఇప్పటికీ ఆడే ఆ ఊరు, కొత్తచోట పాతభాషను వదలకుండా నిలబడ్డవారికి నిదర్శనం. అక్కడా నీరు, మాన్యం ముందుగా దొరికాయి. కళ తర్వాత వేళ్ళూనుకుంది.

ఆశ్రయమిచ్చిన నేల, పంపించే నేల

రాజధాని తరలిన తర్వాత పెనుకొండ బీజాపూరు, మొగలు, మరాఠా, మైసూరు ప్రభువుల చేతులు మారి, 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన సీమల్లో భాగమైంది. 1800 నుంచి 1807 దాకా ఈ దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో అనంతపురాన్నే తన ముఖ్యస్థానం చేసుకున్నాడు. రైతువారీ పద్ధతిలో ప్రతి రైతుకూ సర్కారుకూ నేరుగా లెక్క తేలింది గాని, చెరువును కాచే ఉమ్మడి బాధ్యత క్రమంగా సడలింది. దశబంధం మాన్యాలు అనుభవించేవారికీ, చెరువు మరమ్మతుకూ మధ్య ఉన్న ముడి వదులైంది. 1876లో ధాత నామ సంవత్సరాన వానలు ఎగ్గొట్టి మొదలైన కరవు, 1878 దాకా దక్షిణ భారతాన్ని పీడించింది. ధాత కరువుగా రాయలసీమ జనస్మృతిలో నిలిచిన ఆ విపత్తులో, బళ్ళారి జిల్లాలో భాగంగా ఉన్న ఈ తాలూకాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. అనంతపురం ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది ఆ తర్వాత నాలుగేళ్ళకు, 1882లో. ఒకప్పుడు ఇల్లు పోయినవారిని చేర్చుకున్న నేల, అప్పటినుంచి తన బిడ్డలనే పరాయి ఊళ్ళకు పంపించే నేలగా మారింది. వేరుశనగ పంట ఎండిన ఏడాది, కదిరి, హిందూపురం ప్రాంతాల నుంచి కుటుంబాలు బెంగళూరుకూ, కేరళ పట్టణాలకూ కూలికి పోవడం నేటికీ ఆగలేదు.

ఈ వలసకు, ఆరవీటివారి ప్రయాణానికి హోదాలో పోలిక లేకపోవచ్చు; పరిస్థితిలో మాత్రం ఉంది. ఇల్లు వదిలినవారికి అవతలి ఊళ్ళో నీరు, పని, మాట నమ్మే మనిషి దొరికితేనే బతుకు తిరిగి మొదలవుతుంది. రాజుకు ఖజానా ఉన్నా ఈ మూడూ కొనుక్కోలేకపోయాడు. కూలీకి ఖజానా లేకపోయినా ఈ మూడూ ఉంటే నిలదొక్కుకుంటాడు. అందుకే సింగయభట్టు కాలువ కథ పురాతత్త్వ శాఖ సంపుటాల్లో మాత్రమే ఉండవలసిన విషయం కాదు. శ్రీశైలం నుంచి కృష్ణాజలాలను హంద్రీ-నీవా కాలువ పెనుకొండ సమీపంలోని గొల్లపల్లి జలాశయానికి చేర్చిన తర్వాతే, అదే మండలంలోని ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం వెలసి, 2019లో ఉత్పత్తి ప్రారంభించి, వేరే ఊళ్ళ నుంచి జనాన్ని ఇక్కడికి రప్పించింది. దూరపు నదిని ఈ కొండ కిందికి నడిపిస్తే ఊరు బతుకుతుందని 1388లో తేలిన సత్యమే ఆరు శతాబ్దాల తర్వాత మళ్ళీ రుజువైంది. విపత్తు ముంచుకొచ్చిన రోజున ఆశ్రయాన్ని కట్టలేం. దాన్ని మంచి రోజుల్లోనే కట్టి, పూడిక తీస్తూ, మరవ చూసుకుంటూ నిలుపుకోవాలి. పెనుకొండ చరిత్ర ఈ పీఠభూమి పాలకులకూ ప్రజలకూ అప్పగిస్తున్న బాధ్యత అదే.